కరెంటు పనికి కాగితం ఒకరిది, చెయ్యి ఒకరిది

ఇంట్లో బల్బు మార్చుకోవచ్చు, ఫ్యాను మార్చుకోవచ్చు, పాడైన స్విచ్చి తీసి కొత్తది బిగించుకోవచ్చు, పోయిన ఫ్యూజుకు తీగ వేసుకోవచ్చు. చట్టం మామూలు మనిషికి ఇచ్చిన స్వేచ్ఛ అంతవరకే. కొత్త పాయింటు లాగాలన్నా, బోర్డు మార్చాలన్నా, మీటరు నుంచి మిద్దె మీదికి లైను తీసుకుపోవాలన్నా మూడు షరతులున్నాయి. పని ఒప్పుకున్నది రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కాంట్రాక్టరు అయివుండాలి. పనిని దగ్గరుండి చూసేవాడికి సూపర్‌వైజరు యోగ్యతాపత్రం ఉండాలి. చేత్తో చేసేవాడికి వైర్‌మన్ పర్మిట్ ఉండాలి. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో ఇది 45వ నియమం. 2003 విద్యుత్ చట్టం వచ్చాక కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో చేసిన భద్రతా నిబంధనల్లోనూ, వాటి స్థానంలో 2023లో వచ్చిన నిబంధనల్లోనూ సారం అదే.

ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో రాయచోటిలోనో కడుతున్న ఏ ఇంటికైనా వెళ్లి చూస్తే కనిపించేది వేరు. గోడకు గాడి కొడుతున్న కుర్రాడి దగ్గర పర్మిట్ ఉండదు. అతనికి పని చెప్పే మేస్త్రీ దగ్గరా చాలాసార్లు ఉండదు. లైసెన్సున్న కాంట్రాక్టరు ఒకరు ఎక్కడో ఉంటారు, సర్వీసు దరఖాస్తు మీద ఆయన సంతకం ఉంటుంది, ఆ ఇల్లు ఆయన చూసి ఉండకపోవచ్చు. కాగితం ఒకరిది, చెయ్యి ఒకరిది. కర్నూలు, కడప ప్రాంతంలో ఎలక్ట్రీషియన్ ఎలా తయారవుతున్నాడు, అతని అర్హతను ఎవరు తేలుస్తున్నారు అని అడిగితే ఈ ఎడం దగ్గరికే వచ్చి ఆగుతాం. (ఇక్కడ కర్నూలు, కడప అంటే 2022 ఏప్రిల్‌లో నంద్యాల, అన్నమయ్య జిల్లాలు విడిపోకముందున్న పాత జిల్లాలు. పని చేసేవాళ్లు ఆ సరిహద్దులు చూసుకుని తిరగరు.)

ముందు చదువు దారి. ఐటీఐల ద్వారా వృత్తి శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం 1950లో మొదలైంది. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు, సైన్సు లెక్కలతో పదో తరగతి పాసై ఉండాలి. వైర్‌మన్ ట్రేడ్ కూడా రెండేళ్లే, దానికి ఎనిమిదో తరగతి చాలు. పనిముట్లు, ఓమ్ సూత్రం, వైరు జాయింట్లు, ఇంటి వైరింగు, ఎర్తింగు, కొలత పరికరాలతో మొదలుపెట్టి మోటార్లు, స్టార్టర్లు, వైండింగు, కంట్రోలు ప్యానెళ్ల దాకా నేర్పుతారు. పాఠ్యక్రమాన్ని తప్పుపట్టడానికి నాకు పెద్దగా ఏమీ కనబడదు. లోటంతా చేతికి దొరికే అభ్యాసంలో ఉంది. ఒక మోటారు చుట్టూ తరగతి మొత్తం నిలబడితే విప్పేవాడు ఒకడు, మిగతావాళ్లు చూసేవాళ్లు. వైరింగు పాఠం చెక్క బోర్డు మీద జరుగుతుంది. బయట ఆ పిల్లవాడికి ఎదురయ్యేది బేతంచెర్ల బండలు పరిచిన మిద్దె, రాతిగోడ, గాడి కొట్టడానికి వీల్లేని మూల.

ఐటీఐ పాసయ్యాక ఒక ఏడాది అప్రెంటిస్‌గా చేరితే ఆ లోటు కొంత తీరుతుంది. 1961 అప్రెంటిస్‌ల చట్టం అందుకే ఉంది. యర్రగుంట్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం, రెండు జిల్లాల సిమెంటు ఫ్యాక్టరీలు, విద్యుత్ పంపిణీ సంస్థ లాంటి పెద్ద చోట్ల చేరినవాడు ఆ ఏడాదిలో నేర్చుకునేది తరగతిలో రెండేళ్లకూ రాదు. అయితే 30 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలకే అప్రెంటిస్‌లను తీసుకునే బాధ్యత ఉంది. ఇళ్ల వైరింగు పట్టే కాంట్రాక్టరు దగ్గర ఉండేది ముగ్గురో ఐదుగురో కుర్రాళ్లు. ఏ పనిలో ఎక్కువ మంది బతుకుతున్నారో ఆ పనికే ఈ చట్టం అందడం లేదు. ఫ్యాక్టరీలో అప్రెంటిస్ చేసినవాడు ఫ్యాక్టరీ ఉద్యోగం కోసమే చూస్తాడు, ఊళ్లో ఇళ్ల పనికి తిరిగి రావడం అరుదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది, పిల్లల తల్లిదండ్రులకు ఎవరూ విడమరచి చెప్పనిది. ఐటీఐ ఇచ్చేది చదువు సర్టిఫికెట్టు. పని చేయడానికి పర్మిట్ ఇచ్చేది రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు, అది ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారి వ్యవస్థలో భాగం. సర్టిఫికెట్టు శిక్షణ శాఖది, పర్మిట్ ఇంధన శాఖది. కోర్సు పాసై వచ్చిన కుర్రాడు తన చేతిలో లైసెన్సు ఉందనే అనుకుంటాడు. పర్మిట్ కోసం వేరే దరఖాస్తు పెట్టుకోవాలనీ, తర్వాత సూపర్‌వైజరు యోగ్యతాపత్రం, ఆపైన కాంట్రాక్టరు లైసెన్సు అనే మెట్లున్నాయనీ చాలామందికి పనిలో పడ్డాక గానీ తెలియదు. తెలిశాక కూడా, అడిగే దిక్కు లేనప్పుడు ఎందుకు తెచ్చుకోవాలి అనిపిస్తుంది. ఇల్లు కట్టించుకునేవాడు పర్మిట్ అడగడు, పాయింటుకు ఎంత తీసుకుంటావని అడుగుతాడు.

ఇక రెండో దారి, ఊళ్లను నిజంగా నడిపిస్తున్న దారి, మేస్త్రీ దగ్గర చేరడం. మొదటి ఏడాది గాడి కొట్టడం, పైపులు వేయడం, స్టూలు మోయడం. తర్వాత వైరు లాగడం, స్విచ్చి బోర్డు బిగించడం. ఇంకొన్నేళ్లకు మెయిన్ బోర్డు, మూడు ఫేజుల కనెక్షను, మోటారు స్టార్టరు. ఈ చదువును చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను. శ్లాబు పోసే రోజు తెల్లవారకముందే ఇనుపకడ్డీల మధ్య ఫ్యాను డబ్బాలు, పైపులు పరిచి, కాంక్రీటు పడ్డాక ఒక్క పైపూ మూసుకుపోకుండా చూసుకునే నేర్పు ఏ పుస్తకంలోనూ లేదు. పాత బండల మిద్దెకు కొత్త వైరింగు చేసేటప్పుడు ఏ సందులోంచి తీగ దాటించాలో మేస్త్రీకి తెలిసినంతగా ఇంజనీరుకు తెలియదు.

ఏ తీగ ఏ స్క్రూకు పోవాలో ఈ దారిలో బాగా వస్తుంది. ఎందుకు పోవాలో చెప్పేవాళ్లు తక్కువ. ఉదాహరణకు వేడి సంగతి. వైరు ఎన్ని ఆంపియర్లు మోయగలదో చెప్పే మన ప్రమాణాల పట్టికలు చుట్టూ ఉండే గాలి 40 డిగ్రీలని అనుకుని వేసినవి. కర్నూలు, నంద్యాలల్లో మే నెల ఎండ 43, 44 దాటుతుంది, ఎండకు కాగిన శ్లాబు లోపలి పైపులో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఒకే పైపులో ఏసీ లైను, గీజరు లైను, నాలుగు గదుల తీగలూ కుక్కితే వాటి శక్తి ఇంకా తగ్గుతుంది. తీగ ఒక సైజు పెంచాలి, లేదా పైపులు విడదీయాలి. మేస్త్రీకి ఇది ఎవరో చెప్పివుంటే చేస్తాడు, చెప్పకపోతే కోస్తాలోనూ ఇక్కడా ఒకే లెక్క.

అంతకన్నా ముఖ్యమైనది ఎర్తింగు. ఈ ప్రాంతంలో శిక్షణ గురించి మాట్లాడేవాళ్లు మొదట మాట్లాడాల్సింది దీని గురించేనని నా నమ్మకం.

ఎర్తింగుకు భారత ప్రమాణం ఐఎస్ 3043. గొట్టం పాతితే రెండున్నర మీటర్ల పొడవుండాలి, ప్లేటు అయితే 60 సెంటీమీటర్ల చదరం, దాని పైఅంచు నేలకు మీటరున్నర లోతున ఉండాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి, వేసవిలో నీళ్లు పోస్తుండాలి. తేమ ఉంటేనే మట్టి కరెంటును లోపలికి తీసుకుంటుంది. రెండు జిల్లాల్లోనూ ఏడాది వాన దాదాపు 700 మిల్లీమీటర్లు, అదీ కొద్ది నెలల్లోనే. నంద్యాల వైపు నల్లరేగడిలో కొంత తేమ నిలుస్తుంది. డోన్, బేతంచెర్ల, యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు రెండడుగులు తవ్వితే బండ తగులుతుంది. అక్కడ గుంత తీయడమంటే రాయి కొట్టడమే, ఖర్చు, రెండు రోజుల పని. అందుకే మూడడుగుల కడ్డీ దిగేసి ఊరుకుంటారు. కొందరు బోరు కేసింగుకు తీగ కట్టేస్తారు. అన్నిటికన్నా ప్రమాదకరమైన పని, సాకెట్టులో న్యూట్రల్‌నూ ఎర్తునూ కలిపేయడం. పైన ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజు ఇంట్లో ప్రతి ఇనుప వస్తువు మీదికీ కరెంటు వస్తుంది.

లెక్క చూద్దాం. ఇంటి ఎర్తు నిరోధం 50 ఓములు ఉందనుకోండి, ఎండాకాలం రాతినేలలో అది వింత కాదు. ఫ్రిజ్ లోపల ఫేజు తీగ బాడీకి తగిలింది. 230 వోల్టులకు 50 ఓముల గుండా పారేది నాలుగున్నర ఆంపియర్ల చిల్లర. బోర్డులో ఉన్న 16 ఆంపియర్ల ఎంసీబీ దృష్టిలో అది ఇస్త్రీపెట్టె వాడకంతో సమానం. కనుక అది పడిపోదు. బాడీ మీద కరెంటు అలాగే ఉంటుంది, తడి చేత్తో తలుపు తీసే మనిషి కోసం. అదే ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే క్షణంలో సరఫరా ఆగిపోతుంది, ఎందుకంటే వెళ్లే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ మధ్య ఆంపియరులో ముప్పైమూడో వంతు తేడా దానికి చాలు. తేమ నేలల్లో మంచి ఎర్తు చేసే పనిని ఎండు నేలలో ఆర్‌సీసీబీ చేయాలి. లోడు కాస్త పెద్దదైన సర్వీసులకు ఎర్తు లీకేజీ రక్షణ ఉండాలని కేంద్ర నిబంధనల్లోనే ఉంది. ఇంటివాళ్లు టైల్సుకు పెట్టే ఖర్చులో దీనిది చాలా చిన్న భాగం. అయినా అడిగి పెట్టించుకునేవాళ్లు తక్కువ, చెప్పి పెట్టించే మేస్త్రీలు ఇంకా తక్కువ.

ఎర్తు బాగుందో లేదో కంటితో తెలియదు. ఎర్త్ టెస్టరు తెచ్చి, రెండు కడ్డీలు కొంత దూరంలో పాతి కొలవాలి. వైర్ల ఇన్సులేషను బాగుందో లేదో మెగ్గరుతో చూడాలి. నిబంధనల ప్రకారం 500 వోల్టుల డీసీ ఒక నిమిషం పెట్టినా నిరోధం ఒక మెగాఓముకు తగ్గకూడదు. కొత్త సర్వీసు ఇచ్చేముందు పంపిణీ సంస్థ ఈ పరీక్ష తానే చేయాలి, లేదా లైసెన్సున్న కాంట్రాక్టరు చేసిన పరీక్ష ఫలితాలను ఒప్పుకోవాలి. ఈ రెండో వెసులుబాటులోంచే సంతకాల వ్యవహారం పుట్టింది. కొలత తీయకుండానే అంకె రాసే వీలుంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కర్నూలు జిల్లా హైదరాబాదు కేంద్రంగా ఉన్న సంస్థ నుంచి తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత సంస్థలోకి మారింది, కడప అప్పటికే అందులో ఉంది. కార్యాలయాలు మారాయి, దరఖాస్తులు కంప్యూటర్‌లోకి వెళ్లాయి. ఇంటి గడప దగ్గర మెగ్గరు కనిపించడం మాత్రం ఇప్పటికీ అరుదే.

పొలాల సంగతి ఇంకా బరువైనది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. మోటారుకు కెపాసిటరు, ఐఎస్ఐ పంపుసెట్టు, మంచి ఫుట్‌వాల్వు ఉండాలనే షరతులు వచ్చాయి. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు బదులు కొద్దిమంది రైతులకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టే పద్ధతి కూడా వచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ బోరు మీద బతికే పల్లెలో వేరుశనగ ఎండుతున్నప్పుడు ఫ్యూజు పోతే రైతు ఎవరికోసం ఆగుతాడు? లైన్‌మన్‌కు ఫోను చేస్తాడు. ఆయన చేతిలో ఎన్నో ఊళ్లు. అప్పుడు ఊళ్లో ఒక కుర్రాడుంటాడు, కాస్త మోటారు పని వచ్చినవాడు, స్తంభం ఎక్కగలిగినవాడు. రైతులు ఏడాదికింతని ఇచ్చుకుంటారు. లైన్‌మన్ కూడా అతని మీద ఆధారపడతాడు. అతనికి ఉద్యోగం లేదు, పర్మిట్ లేదు, బీమా లేదు, చేతికి రబ్బరు గ్లౌజులు లేవు.

లైను మీద పని చేయడానికి ఒక క్రమం ఉంది. సబ్‌స్టేషనుకు చెప్పి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవాలి. ఆపరేటరు ఫీడరు ఆపి, ఎవరి పేరు మీద, ఎన్ని గంటలకు ఇచ్చాడో రిజిస్టరులో రాసుకోవాలి. పని చేసే చోట లైను చచ్చిందని పరీక్షించి, రెండు వైపులా ఎర్తు రాడ్లు వేసి, అప్పుడు ఎక్కాలి. పని అయ్యాక ఎవరి పేరున తీసుకున్నారో వాళ్లే ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. ఈ క్రమంలో ఆ కుర్రాడి పేరు ఎక్కడా ఉండదు. ఒకే ఫీడరు మీద ఇద్దరు ఎక్కితే, ఒకరి పని అయిపోయి ఎల్‌సీ తిరిగి వెళ్లిపోతే, రెండో స్తంభం మీద ఉన్నవాడి సంగతి ఆపరేటరుకు తెలియదు, ఫీడరు మళ్లీ వేస్తాడు. ఇలాంటి మరణాల వార్తలు జిల్లా పేజీల్లో నాలుగు వరుసల్లో వస్తాయి. దేశం మొత్తం మీద కరెంటు షాకుతో ఏటా 12,000 మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలే చెబుతున్నాయి.

2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు జూనియర్ లైన్‌మన్ గ్రేడ్ 2 కింద ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నారు. ఒక్క దక్షిణ ప్రాంత సంస్థలోనే ఆ పోస్టులు 5,000కు పైగా. ఐటీఐ ఎలక్ట్రికల్, వైర్‌మన్ చదివినవాళ్లకు, ఇంటర్ వొకేషనల్ ఎలక్ట్రికల్ కోర్సులు చేసినవాళ్లకు అవకాశం ఇచ్చారు. స్తంభం ఎక్కించి చూశారు, సైకిలు తొక్కించారు, మీటరు రీడింగు తీయించారు. ఐటీఐ చదువుకు పల్లెలో విలువ పెంచిన నియామకం అది, ఊళ్లో స్తంభమెక్కే కుర్రాడి అవసరాన్ని కొంత తగ్గించింది కూడా. పూర్తిగా తీర్చలేదు. ఆ కుర్రాణ్ణి శిక్షణలోకి తెచ్చే దారి మాత్రం ఇంకా ఎవరూ వేయలేదు.

పొట్టి కోర్సులు ఉన్నాయి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఇంటి వైరింగు, మోటారు రీవైండింగు నెల రోజులు ఉచితంగా, భోజన వసతితో నేర్పుతారు. అప్పటికే పని వచ్చినవాణ్ణి పరీక్షించి నైపుణ్య సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు కేంద్ర ప్రభుత్వ కౌశల్ వికాస్ యోజనలో ఉంది. రీవైండింగు షాపు పెట్టుకునేవాడికి నెల రోజుల కోర్సు నిజంగా ఉపయోగం. ఇంటి వైరింగుకు నెల చాలదని నా అభిప్రాయం, అందులోనూ ఎర్తింగుకు ఒక పూట కేటాయిస్తే అది చెప్పినట్టే కాదు. పైగా నైపుణ్య సర్టిఫికెట్టుకూ వైర్‌మన్ పర్మిట్‌కూ మళ్లీ సంబంధం లేదు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. తాపీమేస్త్రీ ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, తాళాలు బాగుచేసేవాడున్నాడు. వాళ్ల పక్కనే అదే ఇంట్లో పనిచేసే ఎలక్ట్రీషియన్ లేడు.

విచిత్రమేమిటంటే, ఊళ్లో ఎవరూ అడగని పరీక్షను బయటివాళ్లు అడుగుతారు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు వెళ్లేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఎలక్ట్రీషియన్ వీసాకు ఏజెంటు ముందు ట్రేడ్ టెస్టు పెట్టిస్తాడు. ప్యానెలు వైరింగు చేసి చూపించాలి, డ్రాయింగు చదవాలి. సౌదీ అరేబియా అయితే ఎలక్ట్రీషియన్, ప్లంబరు, వెల్డరు లాంటి పనులకు నైపుణ్య పరీక్షను మన దేశంలోనే పెడుతోంది. పదో తరగతి పాసైనవాడికి వలస అనుమతి ముద్ర అక్కర్లేదు కనుక పదో తరగతి సర్టిఫికెట్టుకు ఇక్కడ ఇంకో విలువ కూడా ఉంది. అక్కడ నాలుగేళ్లు చేసి తిరిగొచ్చినవాడు టెస్టరు, మీటరు, హెల్మెట్టు అలవాటుతో వస్తాడు. ఊళ్లో మళ్లీ పాయింటు లెక్కన బేరమాడే పని దొరికితే ఆ అలవాట్లు ఎన్నాళ్లు నిలుస్తాయి?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నాలుగేళ్లు, సుమారు 8,000 గంటలు లైసెన్సున్నవాడి కింద పనిచేసినట్టు రుజువు చూపి, పరీక్ష రాసి జర్నీమ్యాన్ అవుతారు. ఇంగ్లండులో 2005 నుంచి ఇంటి వైరింగు పనులను భవన నిబంధనల కిందికి తెచ్చారు. మనకు పనికొచ్చే మాట అమెరికా పద్ధతిలో ఒకటుంది. మేస్త్రీ దగ్గర గడిపిన కాలాన్ని వాళ్లు శిక్షణగా లెక్కపెడతారు. మన కుర్రాడు అంతకన్నా ఎక్కువ గంటలే గడుపుతాడు, వాటిని ఎవరూ రాసిపెట్టరు. అతని చేతిలో ఒక పని పుస్తకం ఉంటే, ఏ ఇల్లు, ఏ పని, ఎవరి కింద అని సూపర్‌వైజరు నెలనెలా సంతకం పెడితే, మూడేళ్లకు అదే పర్మిట్ పరీక్షకు హాల్‌టికెట్టు కావచ్చు. ఆ పరీక్ష ఆదోనిలోనో, నంద్యాలలోనో, ప్రొద్దుటూరులోనో, రాయచోటిలోనో దగ్గరున్న ఐటీఐ వర్క్‌షాపులో, తెలుగులో, ఎక్కువ భాగం చేతిపనిగా జరగాలి. నేల మీద ఎర్తు కొలవమనాలి. తప్పు వైరింగు ఉన్న బోర్డు ఇచ్చి తప్పు పట్టమనాలి. ఎల్‌సీ క్రమం నోటితో చెప్పమనాలి.

అలా పర్మిట్ వచ్చాక దానికి విలువ రావాలంటే అడిగే దిక్కు ఉండాలి. సర్వీసు దరఖాస్తులో కాంట్రాక్టరు సంతకంతో పాటు పనిచేసినవాడి పర్మిట్ నంబరు, కొలిచిన ఎర్తు నిరోధం, మెగ్గరు రీడింగు, ఆర్‌సీసీబీ ఉందా లేదా అన్న నాలుగు గళ్లు చాలు. వందలో ఐదిళ్లను సంస్థవాళ్లు వెళ్లి మళ్లీ కొలిస్తే మిగతావాటిలో అబద్ధపు అంకెలు రాయడానికి చెయ్యి వెనకాడుతుంది. ఎర్త్ టెస్టరు ఒక్కో మేస్త్రీ కొనలేడంటారు, నిజమే. మండల కేంద్రంలో ఎలక్ట్రికల్ షాపుల దగ్గర, లేదా ఎలక్ట్రీషియన్ల సంఘం దగ్గర ఒకటుంచి అద్దెకిస్తే సరిపోతుంది. సెంట్రింగు చెక్కలు అద్దెకు తెచ్చుకునే ఊళ్లకు ఇది కొత్త పద్ధతేమీ కాదు.

ఈలోగా పని స్వరూపమే మారుతోంది. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచీ నడుస్తోంది, కడప జిల్లా మైలవరంలో ఇంకొకటి ఉంది. వాటిలో పనికి ఐటీఐ సర్టిఫికెట్టు, శిక్షణ అడుగుతారు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక మూడు కిలోవాట్ల యూనిట్‌కు 78,000 రూపాయల సబ్సిడీతో ప్యానెళ్లు ఇళ్ల మిద్దెల మీదికి వస్తున్నాయి. మెయిన్ స్విచ్చి కట్టేస్తే ఇంట్లో కరెంటు ఆగుతుంది, ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల తీగల్లో ఆగదు. ఆరు ప్యానెళ్లు వరుసగా కలిపితే అది దాదాపు 300 వోల్టుల డీసీ. ఇన్నాళ్లూ ఏసీ ఒక్కటే తెలిసిన చేతులకు ఇది కొత్త. సోలార్ కోసం సూర్యమిత్ర లాంటి శిక్షణలున్నాయి, కంపెనీ మనుషులు వచ్చి బిగించి వెళ్తారు. రెండేళ్ల తర్వాత గాలికి ఒక తీగ ఊడితే ఇంటివాళ్లు కంపెనీకి ఫోను చేసి, ఎవరూ రాకపోతే, ఇన్నేళ్లుగా తమ ఇంటి పని చేస్తున్న మేస్త్రీనే పిలుస్తారు. ఆయన కాదనడు. ఆయన మిద్దె ఎక్కేలోపు ఆ డీసీ పాఠం ఆయన దాకా చేర్చే బాధ్యత లైసెన్సింగ్ బోర్డుది, సబ్సిడీ ఇస్తున్న ప్రభుత్వానిది. పర్మిట్ లేదు కనుక ఆయన తమ లెక్కలోకి రాడని ఆ ఇద్దరిలో ఎవరన్నా ఒప్పుకోకూడదు.